గుండె జబ్బు రాకుండా పేదవాళ్ళ తిండిలో మార్పు తేవడం ఎలా: చిన్న క్లినిక్‌లలో పనిచేసేవాళ్ళ కోసం

బీపీ చూసి, మాత్రలు రాసి, ఆఖర్న "ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, కూరగాయలు పండ్లు బాగా తినండి" అని ఒక ముక్క చెప్పి పంపించేయడం, చాలా చోట్ల డైట్ కౌన్సెలింగ్ అంటే ఇంతే. మరి ఆ మనిషి ఇంటికెళ్ళి ఏం చెయ్యాలి? ఉప్పు ఎంత తగ్గించాలి, ఎందులో తగ్గించాలి, వంట చేసేది తను కాకపోతే ఎవరితో చెప్పాలి, పండ్లు కొనడానికి డబ్బుల్లేకపోతే ఏం చెయ్యాలి, ఇవేవీ ఆ ముక్కలో లేవు. మూడు నెలలకి మళ్ళీ వచ్చినప్పుడు బీపీ అలాగే ఉంటే "చెప్తే వినరు వీళ్ళు" అనేస్తాం. వినకపోవడం కాదండీ, వాళ్ళు చెయ్యగలిగేలా మనం చెప్పకపోవడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులతో 1.79 కోట్ల మంది చనిపోయారు. ఆ ఏడాది మొత్తం మరణాల్లో ఇది దాదాపు మూడో వంతు, ఈ చావుల్లో నాలుగింట మూడొంతులకి పైగా తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోనే. అంటే డైటీషియన్ లేని క్లినిక్, ఒకే నర్సు, బయట పెద్ద క్యూ, సరిగ్గా అలాంటి చోటే ఈ పని జరగాలి. మీరు నర్సు కావచ్చు, హెల్త్ వర్కర్ కావచ్చు, వాలంటీర్ కావచ్చు, ఒక్కో పేషెంట్‌కి పది నిమిషాలు దొరికితే చాలు కింద రాసినవన్నీ చెయ్యొచ్చు, ఒకే రోజు కాకపోయినా రెండు మూడు విజిట్లలో.

మొదటి పని: ఇంట్లో తిండికి లోటుందేమో కనుక్కోండి

డైట్ గురించి నోరు తెరిచేముందే ఇది అడగాలి, ఎందుకంటే దీని జవాబుని బట్టి మిగతా సలహా అంతా మారిపోతుంది. అమెరికాలో చాలా క్లినిక్‌లలో దీనికోసం రెండే రెండు వాక్యాలు వాడతారు. గత 12 నెలల్లో, మళ్ళీ డబ్బులు చేతికొచ్చేలోపు ఇంట్లో తిండి అయిపోతుందేమో అని దిగులు పడ్డామా, ఇది ఒకటి. కొన్న సరుకులు సరిపోక, మళ్ళీ కొనడానికి డబ్బుల్లేకుండా ఎప్పుడైనా అయిందా, ఇది రెండోది. ఒక్కోదానికి తరచుగా, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు, ఈ మూడింట్లో ఏదో ఒకటి చెప్పమంటారు. ఒక్కదానికైనా "తరచుగా" అనో "అప్పుడప్పుడు" అనో వచ్చిందంటే ఆ ఇంట్లో తిండికి ఇబ్బంది ఉన్నట్టే లెక్క.

క్యూలో పదిమంది వింటుండగా మాత్రం అడక్కండి, ఎంత ఆకలితో ఉన్నా ఎవరూ ఒప్పుకోరు, పరువు పోయే విషయం కదా. పక్కకి పిలిచి, "ఇది మేం వచ్చినవాళ్ళందరినీ అడుగుతామమ్మా" అని మొదలుపెట్టండి. నిజంగానే అందరినీ అడగండి కూడా, బట్టలు చూసి అంచనా వేసి కొందరినే అడిగితే ఆ విషయం వాళ్ళకి తెలిసిపోతుంది.

ఇబ్బంది ఉందని తేలితే, ఇక ఆ రోజు "ఇది కొనండి, అది కొనండి" అనే సలహా ఒక్కటి కూడా వద్దు. వాళ్ళకి హక్కుగా రావాల్సిన ప్రభుత్వ సరుకులు అందుతున్నాయా, పిల్లలకి బళ్ళో భోజనం దొరుకుతోందా, దగ్గర్లో ఉచితంగా సరుకులు ఇచ్చేవాళ్ళు ఎవరున్నారు, వీటి లిస్టు ముందే రాసి మీ టేబుల్ మీద పెట్టుకోండి, ఎక్కడికెళ్ళాలి, ఏ కాగితాలు తీసుకెళ్ళాలి, ఏ రోజు తెరిచి ఉంటుంది అన్నంత వివరంగా. తిండి సంగతి క్లినిక్ పని కాదు అనేవాళ్ళకి ఒక పాత సంగతి చెప్పాలి. 1960ల్లో అమెరికా మిసిసిపి రాష్ట్రంలో మౌండ్ బేయూ అనే ఊళ్ళో డాక్టర్ జాక్ గైగర్, ఆయనతో ఉన్నవాళ్ళు పేద నల్లజాతి కుటుంబాల కోసం ఒక హెల్త్ సెంటర్ పెట్టారు. వచ్చిన పిల్లల జబ్బులకి అసలు కారణం తిండి లేకపోవడమే అని చూసి ప్రిస్క్రిప్షన్ మీద తిండే రాయడం మొదలెట్టారు, ఆ చీటీ చూపిస్తే దుకాణంలో సరుకులిచ్చేవాళ్ళు, బిల్లు సెంటర్ వాళ్ళ మందుల పద్దులోంచి కట్టేవాళ్ళు. మందుల డబ్బుతో తిండి కొనడమేంటని పైనుంచి అడిగితే, పోషకాహార లోపానికి వైద్య పుస్తకాల్లో ఉన్న మందు తిండే కదా అన్నారు. తర్వాత అక్కడి జనమే కలిసి సహకార సంఘం పెట్టుకుని కూరగాయలు పండించుకున్నారు. ప్రతి క్లినిక్‌కీ అంత బడ్జెట్ ఉండదు నిజమే, కానీ తిండిని మందు పక్కన కూర్చోబెట్టి ఆలోచించడానికి బడ్జెట్ అక్కర్లేదు.

రెండో పని: "ఏం తింటారు" అనకుండా "నిన్న ఏం తిన్నారు" అని అడగండి

"ఏం తింటారు?" అంటే మనం మెచ్చుకునే జవాబే వస్తుంది. "నిన్న" అంటే జరిగింది చెప్తారు. నిద్ర లేచిన దగ్గర్నుంచి మళ్ళీ పడుకునేదాకా వరసగా అడుగుతూ రావాలి, ఇలాగ:

"నిన్న లేవగానే మొదట ఏం నోట్లో వేసుకున్నారు పెద్దమ్మా?"
"టీ తాగాను."
"అందులో పంచదార ఎన్ని చెంచాలు?"
"రెండు."
"తర్వాత మళ్ళీ టీ ఎప్పుడు?"
"పనిలోకెళ్ళాక రెండు సార్లు, సాయంత్రం ఇంట్లో ఒకసారి."

చూశారా, టీల్లోనే ఎనిమిది చెంచాలు పంచదార బయటపడింది, "స్వీట్లు తింటారా" అని అడిగుంటే "అస్సలు తిననమ్మా" అనేవారు, అదీ నిజమే. మధ్యలో "అయ్యో", "అంతా!" లాంటివి అనకండి, మొహం కూడా మార్చకండి, ఒక్కసారి తప్పు పట్టినట్టు అనిపించిందంటే ఆ తర్వాత చెప్పేదంతా తగ్గించే చెప్తారు. నిన్న పండగో, ఒంట్లో బాలేకో తేడాగా గడిచిందేమో కూడా ఒక మాట అడగండి. వంట ఎవరు చేస్తారు, సరుకులు ఎవరు తెస్తారు, పని దగ్గర ఏం తింటారు, ఈ మూడూ తప్పకుండా రాసుకోండి.

ఉప్పుకి మాత్రం ఇంకో లెక్కుంది, నాకు బాగా పనికొచ్చే లెక్క ఇది. మనిషికి ఉప్పు ఎంత పడుతోందో ఎవరూ చెప్పలేరు, కానీ ప్యాకెట్ ఎన్నాళ్ళొస్తుందో ఇంట్లో వంట చేసేవాళ్ళకి తెలుసు. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే సాపుగా నింపిన ఒక టీస్పూను. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 గ్రాములు, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. 30 రోజులకే అయిపోతోందనుకోండి, మనిషికి 8 గ్రాములు దాటినట్టు. 25 రోజులకే అయిపోతే సరిగ్గా రెట్టింపు. బయట తిన్నదీ, ప్యాకెట్ చిరుతిళ్ళలో ఉన్నదీ ఇందులో రాదు, వంటకి కాకుండా ఇంకో పనికి ఉప్పు వాడితే అది తీసేయాలి, పిల్లలు తినేది తక్కువ, కాబట్టి ఇది సుమారు లెక్కే. అయినా కాగితం మీద ఈ భాగహారం వాళ్ళ కళ్ళముందే చేసి చూపిస్తే వచ్చే ఫలితం వేరు, ఎందుకంటే ఆ అంకె మనం బెదిరించడానికి చెప్పింది కాదు, వాళ్ళింటి ప్యాకెట్ చెప్పింది. కొత్త ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయమని చెప్పండి. నూనెకీ ఇదే పద్ధతి.

మూడో పని: సలహా ఇచ్చేముందు మందుల చీటీ చూడండి

ఇది తొందరలో వదిలేసే స్టెప్, వదిలేస్తే ప్రమాదం కూడా, అందుకే నాలుగు మాటలు ఎక్కువ రాస్తున్నా.

సోడియం తగ్గించిన ఉప్పు అని దొరుకుతుంది కదా, అందులో కొంత మామూలు ఉప్పు తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చాలామందికి ఇది మంచిది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో చేసిన ట్రయల్ 2021లో బయటికొచ్చింది, అందులో ఉన్నవాళ్ళు అంతకుముందు స్ట్రోక్ (పక్షవాతం) వచ్చినవాళ్ళు, లేదంటే 60 దాటి బీపీ ఎక్కువున్నవాళ్ళు. సగం పల్లెలకి ముప్పావు వంతు మామూలు ఉప్పు, పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు, సుమారు ఐదేళ్ళలో వాళ్ళకి స్ట్రోక్‌లు 14 శాతం తగ్గాయి. వంట మారలేదు, డబ్బా మారింది అంతే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని వాడొచ్చని గైడ్‌లైన్ ఇచ్చింది, కానీ అది పెద్దవాళ్ళకే, గర్భిణులకీ పిల్లలకీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకీ కాదు. కిడ్నీ బాగా లేకపోతే పొటాషియం ఒంట్లోంచి బయటికి పోదు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్, స్పైరనొలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు కూడా పొటాషియం పెంచుతాయి, కాబట్టి ఇవి వాడేవాళ్ళకి డాక్టర్‌ని అడక్కుండా ఆ ఉప్పు చెప్పొద్దు. కిడ్నీ టెస్టు ఎప్పుడూ చేయించుకోని మనిషికైతే ముందు ఆ టెస్టు, తర్వాతే ఉప్పు సంగతి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్ళకి "ఆకుకూరలు బాగా తినండి" అని ఒక్కసారిగా చెప్పకండి, ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, హఠాత్తుగా పెంచితే మందు పనితనం తగ్గుతుంది. మానమనీ కాదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి, మార్చాలనుకుంటే డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్షతో పాటు మార్చాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడే షుగర్ పేషెంట్లకి తిండి మోతాదు ఒక్కసారి కోసేస్తే షుగర్ పడిపోతుంది, వాళ్ళకి తిండి, మందు డోసు రెండూ కలిపే చూడాలి.

నాలుగో పని: ఒకే ఒక్క మార్పు పట్టుకోండి

పది చెప్తే ఒక్కటీ జరగదు. రెండో స్టెప్‌లో రాసుకున్న కాగితం చూసి, అన్నింటికంటే ఎక్కువ చెరుపు చేస్తున్నదీ, వాళ్ళు మార్చగలిగిందీ, ఈ రెండూ కలిసే చోట ఒక్కటి ఎంచుకోండి. నా మటుకు నేను, డబ్బు మిగిల్చే మార్పుతోనే మొదలుపెట్టమంటాను. తియ్యటి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ చిరుతిళ్ళు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, ఆ మిగిలిన డబ్బే తర్వాత పప్పులకో కూరగాయలకో వస్తుంది, "ఆరోగ్యం అంటే ఖర్చు" అన్న అనుమానం కూడా పోతుంది.

ఉప్పైతే సగానికి ఒకేసారి దించమనకండి, తిండి రుచి పోయి రెండు రోజుల్లో పాత పద్ధతికి వెళ్ళిపోతారు. 30 రోజులొచ్చే ప్యాకెట్‌ని ముందు 35కి, తర్వాత 40కి, అలా జరపండి. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది, ఆ తర్వాత పాత ఉప్పే ఎక్కువనిపిస్తుంది. పులుపు, వెల్లుల్లి, మిరియాలు పెంచితే తేడా అంతగా తెలీదు. తినేచోట ఉప్పు డబ్బా లేకుండా చూడటం కూడా మంచి మొదలు. డబ్బాల్లో వచ్చే కూరగాయలూ గింజలూ వాడేవాళ్ళైతే ఆ నీళ్ళు పారబోసి కడిగి వండమనండి, చాలా ఉప్పు ఆ నీళ్ళతోనే పోతుంది.

ప్యాకెట్ల మీద ఉప్పు అని కాకుండా సోడియం అని ఉంటుంది చాలాసార్లు, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. బ్రిటన్‌లో 100 గ్రాముల పదార్థంలో ఉప్పు 1.5 గ్రాములు దాటితే ఎర్ర గుర్తు వేస్తారు, సోడియంలో చెప్తే 600 మిల్లీగ్రాములు. ఆ 600 అంకె ఒక్కటి నేర్పండి చాలు, "సోడియం పక్కన, 100 గ్రాములకి 600 దాటితే తీసిన చోటే పెట్టేయండి". చదవడం రానివాళ్ళకి, ఇంట్లో ఉన్న ఖాళీ ప్యాకెట్లు తెమ్మని చెప్పి మీరే చూసి, దేన్ని మానాలో దాని మీద ఇంటూ గీసి ఇవ్వండి. పార్షియల్లీ హైడ్రోజనేటెడ్ అని లేబుల్ మీద కనిపిస్తే అది ట్రాన్స్ ఫ్యాట్, గుండెకి బాగా చెరుపు చేసే కొవ్వు, దాన్ని తగ్గించడం కాదు పూర్తిగా మానెయ్యడమే, డెన్మార్క్ 2003లోనే దానికి చట్టంతో పరిమితి పెట్టింది.

కూరగాయలు, పండ్లు, పప్పుల సంగతికొస్తే, వీటివల్ల ఏం ఒరుగుతుందిలే అనుకునేవాళ్ళు తిండితో బీపీ ఎంత తగ్గుతుందో అమెరికాలో పరీక్షించిన 1997 నాటి డాష్ ట్రయల్ చూడాలి. 459 మందికి 8 వారాలు వండిన భోజనమే ఇచ్చారు, ఉప్పు తగ్గించలేదు, బరువు తగ్గనివ్వలేదు, వాళ్ళలో ఒక గుంపుకి కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు పెంచి కొవ్వు తగ్గించారంతే. ఆ గుంపులో బీపీ ఎక్కువున్నవాళ్ళకి పై అంకె మామూలు తిండి తిన్నవాళ్ళతో పోలిస్తే సుమారు 11 తగ్గింది, ఒక బీపీ మాత్ర చేసే పని అది. కానీ గమనించండి, అక్కడ తిండి వాళ్ళే పెట్టారు. మనం పెట్టలేం కాబట్టి ఆ సీజన్లో అన్నింటికంటే చవగ్గా దొరికేది చూసి చెప్పాలి. రోజుకి 400 గ్రాముల కూరగాయలూ పండ్లూ అన్నది చేరాల్సిన గమ్యం, కానీ ఇప్పుడు రోజుకి ఒక పూటే కూర తినే ఇంట్లో రెండో పూట కూడా వచ్చిందంటే అది పెద్ద విషయమే.

ఐదో పని: మందు రాసినట్టు రాసివ్వండి

"కూరగాయలు ఎక్కువ తినండి" అని రాస్తే అది మందు పేరు లేని చీటీ లాంటిది. ఏం, ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్ళు, నాలుగూ ఉండాలి. "పని దగ్గర తాగే రెండు టీల్లో పంచదార ఒక్కో చెంచా, ఈ నెలంతా." "సాయంత్రం ప్యాకెట్ చిరుతిండి బదులు గుప్పెడు ఉడికించిన గింజలు, వారంలో నాలుగు రోజులు." చదువు రానివాళ్ళకి బొమ్మ గీయండి, చెంచా బొమ్మ మీద గీత కొట్టినా అర్థమవుతుంది.

రాశాక, "అర్థమైందా?" అని అడక్కండి, అందరూ అయిందనే అంటారు. "ఇంటికెళ్ళాక మీ కోడలికి ఈ సంగతి ఎలా చెప్తారో ఒకసారి నాకు చెప్పండి" అనండి. వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పినప్పుడే ఎక్కడ తేడా వచ్చిందో దొరుకుతుంది, చెప్పలేకపోతే లోపం మన చెప్పడంలో ఉంది, మళ్ళీ చెప్పాలి. పేషెంట్ వంట చేయని మనిషైతే వంట చేసేవాళ్ళని తర్వాతి విజిట్‌కి వెంట తెమ్మనండి, రాలేకపోతే ఫోన్లో మాట్లాడండి. ఆయనొక్కడికీ వేరే వంట అనే మాట మాత్రం రానివ్వకండి, అది నాలుగు రోజులు కూడా సాగదు, వంట చేసేవాళ్ళ మీద రెట్టింపు బరువు, పైగా ఇంట్లో మిగతావాళ్ళకీ ఈ తిండే మంచిది.

ఆరో పని: జనం ఉన్నచోటికి వెళ్ళండి

క్లినిక్‌కి రానివాళ్ళే ఎక్కువ, బీపీ ఉందని తెలియనివాళ్ళు ఇంకా ఎక్కువ. లాస్ ఏంజిలెస్‌లో నల్లజాతి మగవాళ్ళు వెళ్ళే 52 బార్బర్ షాపుల్లో చేసిన ట్రయల్ 2018లో వచ్చింది, కొన్ని షాపులకి ఫార్మసిస్టులే వెళ్ళి అక్కడే బీపీ చూసి మందులిచ్చారు, ఆరు నెలల్లో పై అంకె సగటున 27 తగ్గింది, బార్బర్ సలహా మాత్రమే దొరికిన చోట 9. అది మందుల వల్ల వచ్చిన తేడానే, తిండి వల్ల కాదు, కానీ నమ్మకమున్న చోటు ఎంత పని చేస్తుందో అందులో కనిపిస్తుంది. తిండి విషయంలో చూడాల్సింది ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియా. 1972లో డాక్టర్ పెక్కా పుస్కా వాళ్ళు అక్కడ మొదలుపెట్టినప్పుడు గుండెపోటు చావులు మగవాళ్ళలో విపరీతంగా ఉండేవి. క్లినిక్‌లో కూర్చుని ఉపన్యాసాలివ్వలేదు వాళ్ళు, మార్తా అనే మహిళా సంఘంతో కలిసి ఊరూరా వంటల సమావేశాలు పెట్టారు, తినే పదార్థాలు తయారుచేసే కంపెనీలతో ఉప్పూ కొవ్వూ తగ్గించమని మాట్లాడారు, పాడి రైతులు నష్టపోకుండా బెర్రీ పళ్ళ సాగు వైపు తిప్పారు. సుమారు నలభై ఏళ్ళలో పనిచేసే వయసు మగవాళ్ళలో గుండె జబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి, సిగరెట్లు తగ్గడం, వైద్యం మెరుగవడం కూడా అందులో కలిసున్నాయి.

మీరు చెయ్యగలిగింది చిన్నగా చెయ్యండి. నలుగురు ఆడవాళ్ళు ఎలాగూ కలిసే చోట, వాళ్ళింట్లో ఉన్న సరుకులతోనే, ఉప్పు తగ్గించి ఒక కూర వండి రుచి చూపించండి. వండేది బయటి నుంచి వెళ్ళిన మనం కాకుండా ఆ వీధిలోనే వంట బాగా చేస్తుందని పేరున్న ఆవిడైతే ఇంకా మంచిది, ఆవిడ మాటకున్న విలువ మన పోస్టర్‌కి రాదు.

ఏడో పని: మళ్ళీ చూడండి

రెండు నుంచి నాలుగు వారాల్లో ఒక ఫోనో, ఒక విజిటో పెట్టుకోండి. బీపీ సరిగ్గా కొలవకపోతే ఇంత శ్రమా వృథా: ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్ళు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి, కొలుస్తున్నంతసేపు మాటల్లేకుండా. అంతకుముందు అరగంటలో టీ, సిగరెట్ ఉండకూడదు, మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. లావు చేతికి పెద్ద కఫ్ వాడాలి, చిన్నది కడితే లేని బీపీ చూపిస్తుంది. నిమిషం ఆగి రెండోసారి కూడా కొలవండి.

ప్యాకెట్ తేదీ అడగండి, పోయినసారి రాసిచ్చింది ఎన్ని రోజులు జరిగిందో అడగండి. వారంలో రెండు రోజులే జరిగినా ఆ రెండు రోజులు ఎలా కుదిరిందో అడిగితే దారి అక్కడే దొరుకుతుంది. ఆ మార్పు కుదిరితే రెండోది మొదలెట్టండి, కుదరకపోతే చిన్నది చెయ్యండి, లేదా వేరేది పట్టుకోండి. బీపీ తగ్గింది కదా అని మాత్రలు సొంతంగా మానేస్తారు చాలామంది, ప్రతి విజిట్లో చెప్పాల్సిన మాట ఇది: డోసు తగ్గించాలో లేదో డాక్టర్ చెప్పాలి, అప్పటిదాకా తిండీ మందూ రెండూ ఉండాల్సిందే. ఛాతీలో బరువుగా పట్టేసినట్టు నొప్పి, చెమటలు, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏదొచ్చినా మన అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలని ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసుండాలి.

చెప్పిన రోజుకి రాకపోతే కార్డు పక్కన పడేయకండి. కూలి పోతుందనో, బస్సు డబ్బుల్లేకనో, చెప్పింది చెయ్యలేదని మొహం చెల్లకనో ఆగిపోతారు. ఫోన్ చేసి "ఎందుకు రాలేదు" అనే బదులు "ఎలా ఉన్నారు, ఏ రోజైతే మీకు వీలవుతుంది" అని అడిగి, ఆ రోజే రాసిపెట్టుకోండి.